పిల్లి ఉన్న ఇంట్లో ఊపిరి



పిల్లి ఒంటికి పడదు, పిల్లి లేకపోతే మనసుకు పడదు. అలాంటి వాళ్ళ కోసం ఈ పూట మాట్లాడతాను. నేనూ ఆ కోవలోని మనిషినే. మా ఇంట్లో రంగి అనే పిల్లి ఉంది. దాన్ని ఎత్తుకున్న కాసేపటికే ముక్కులో దురద మొదలవుతుంది, అది నాకిన చోట చేతి మీద దద్దురు లేస్తుంది. అయినా ఏళ్ళ తరబడి ఒకే కప్పు కింద ఉంటున్నాం. ఎలా ఉండవచ్చో చెబుతాను. ఎవరు ఉండకూడదో కూడా చెబుతాను.

ఇలాంటి ఇళ్ళలో మామూలుగా రెండు మాటలే వినిపిస్తాయి. పెద్దవాళ్ళేమో "దాన్ని గోనెసంచిలో వేసి ఊరవతల వదిలేసి రండి" అంటారు. పిల్లలేమో "నాకేం కాలేదు, మామూలు జలుబే" అంటారు. మొదటి మాట వింటే పిల్లి చస్తుంది. ఇంట్లో పాలన్నం తిని పెరిగిన జీవం సంత వెనకాల కుక్కల మధ్య ఎన్నాళ్ళు బతుకుతుంది? రెండో మాట వింటే మనిషి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఈ రెండింటి నడుమ చేయదగిన పని ఎంతో ఉంది. ఆ పని తెలియక కొందరు పిల్లిని పోగొట్టుకుంటున్నారు, కొందరు ఆరోగ్యాన్ని పోగొట్టుకుంటున్నారు.

ముందు వెంట్రుక సంగతి చూద్దాం. పిల్లి వెంట్రుక కడుపులోకి పోతే ఉబ్బసం వస్తుందని మన ఊళ్ళలో గట్టి నమ్మకం. అన్నంలో పిల్లి వెంట్రుక కనబడితే కంచం పక్కకు నెట్టేసే పెద్దవాళ్ళను మీరూ చూసే ఉంటారు. పిల్లికీ ఆయాసానికీ ఏదో సంబంధం ఉందని వాళ్ళు కళ్ళారా చూసి పసిగట్టారు, అంతవరకు వాళ్ళ మాట నిజం. అయితే ఆ చేటు కడుపు దారిన రాదు, ముక్కు దారిన వస్తుంది. దానికి మూలం పిల్లి ఉమ్మిలోనూ, చర్మంలోని నూనె గ్రంథుల్లోనూ తయారయ్యే ఒక ప్రొటీన్. శాస్త్రజ్ఞులు దాన్ని ఫెల్ డి 1 అంటారు. పిల్లి పడనివాళ్ళలో నూటికి 90కి పైగా మంది శరీరాలు ఈ ఒక్క ప్రొటీన్ మీదే తిరగబడతాయి.

పిల్లి మెలకువగా ఉన్నప్పుడు చాలాసేపు ఒళ్ళు నాక్కుంటూ ఉంటుంది కదా. అలా ఉమ్మి బొచ్చంతా పట్టి ఆరిపోతుంది. ఆరినది చర్మపు పొట్టుతో కలిసి సన్నటి పొడిగా రాలుతుంది. ఆ పొడిలో చెప్పుకోదగ్గ భాగం 5 మైక్రాన్ల కంటే చిన్న రేణువులే. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుందంటే, ఇవెంత సన్నవో ఊహించుకోండి. అంత తేలికైనవి కాబట్టి గంటల తరబడి గాలిలో తేలుతూ ఉంటాయి. ఏ వస్తువును తాకినా పసుపు మరకలా పట్టుకుంటాయి. గోడ, దుప్పటి, సోఫా గుడ్డ, బడికి వెళ్ళే పిల్లాడి చొక్కా, దేన్నీ వదలవు. పిల్లి లేని ఇళ్ళలోనూ, బడి గదుల్లోనూ కూడా ఈ ప్రొటీన్ దొరికిందంటే అది మనుషుల బట్టల మీద ప్రయాణం చేసిందన్నమాట. బంధువుల ఇంట్లో పిల్లి బయటికి వెళ్ళిన సమయంలో మీరు వెళ్ళినా తుమ్ములు రావడానికి కారణం ఇదే.

ఇంతకీ ఆ ప్రొటీన్ విషం కాదు. పక్కనే కూర్చున్న మరొకరికి దానితో ఏ బాధా ఉండదు. పడనివాళ్ళ రక్తంలో మాత్రం దాన్ని శత్రువుగా గుర్తుపట్టే ఐజీఈ అనే ప్రతిరక్షకం తయారై ఉంటుంది. 1966లో అమెరికాలోని డెన్వర్‌లో పనిచేస్తున్న జపాన్ దంపతులు కిమిషిగె ఇషిజాకా, తెరుకో ఇషిజాకా దీన్ని కనుగొన్నారు. దాదాపు అదే కాలంలో స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిష్ అనే ఇద్దరు వేరే దారిలో అక్కడికే చేరారు. ఈ ఐజీఈ మన ముక్కులో, కళ్ళలో, ఊపిరి గొట్టాల్లో ఉండే మాస్ట్ కణాలను అంటిపెట్టుకుని ఉంటుంది. పిల్లి ప్రొటీన్ వచ్చి తగలగానే ఆ కణాలు హిస్టమిన్‌ను వదులుతాయి. నిమిషాల్లో తుమ్ములు, నీళ్ళు, దురద వచ్చేస్తాయి. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. కొందరికి 4 నుంచి 8 గంటల తరువాత మరో విడత వస్తుంది. సాయంత్రం పిల్లితో ఆడుకున్న పిల్ల అర్ధరాత్రి దగ్గుతుంది. ఆ దగ్గును పిల్లితో ముడిపెట్టి చూడాలని ఎవరికీ తోచదు. రాత్రి తిన్న అరటిపండు మీదకో, చల్లటి నీళ్ళ మీదకో నింద పోతుంది.

మన అమ్మమ్మల ఇళ్ళలోనూ పిల్లులుండేవి. మండువా లోగిళ్ళలో పిల్లి పెంకుల మీద నుంచి దిగేది, గాదె కింద ఎలుకల కోసం కాపలా కాసేది, పొయ్యి చల్లారాక గడ్డ మీద పడుకునేది. వాకిలి, పెరడు, నడుమ ఆకాశం. గాలి ఆ ఇంట్లో నిలిచేది కాదు. పరుపెక్కే పిల్లి అరుదు. ఇప్పుడు అదే జీవం మూడో అంతస్తులో రెండు గదుల ఫ్లాటులో ఉంటోంది. దోమల భయంతో కిటికీలు మూత, ఏసీ కోసం తలుపులు మూత. రాత్రి నిద్ర మన దిండు మీదే. తేలికగా తేలే ఆ పొడి బయటికి పోయే దారి లేక గదిలోనే పేరుకుంటుంది. అమెరికాలోనో కెనడాలోనో ఉన్న మన పిల్లలకు ఇది ఇంకా కష్టం. నేలంతా కార్పెట్, చలికాలమంతా మూసిన కిటికీలు. నున్నటి నేల కంటే కార్పెట్ ఈ పొడిని ఎన్నో రెట్లు ఎక్కువగా దాచుకుంటుంది. మన టైల్సు, మొజాయిక్ నేలలు ఈ విషయంలో మనకున్న పెద్ద అదృష్టం. తడిగుడ్డ పెడితే చాలు, పొడి పోతుంది.

ఏం చేయాలో చెప్పేముందు, అసలు నేరం పిల్లిదేనా అని తేల్చుకోవాలి. దీని మీద నాకు పట్టుదల ఎక్కువ. మన ఊళ్ళలో తుమ్ములు తెప్పించేవి చాలా ఉన్నాయి. రోడ్డు పక్కన, ఖాళీ స్థలాల్లో తెల్లటి పూలతో విరగబూసే వయ్యారిభామ పుప్పొడి ఉంది. పరుపుల్లో బతికే, కంటికి కనబడని ధూళి పురుగులున్నాయి. వంటగదిలో బొద్దింకలున్నాయి, వానాకాలం గోడల మీద బూజు ఉంది. వీటిలో దేనివల్లో వచ్చిన ఉబ్బసానికి ఇంట్లో కంటి ముందు తిరిగే పిల్లి నేరస్తురాలవుతుంది. దాన్ని పంపేశాక కూడా దగ్గు తగ్గదు.

తేల్చడానికి స్కిన్ ప్రిక్ టెస్ట్ అనే పరీక్ష ఉంది. ముంజేతి మీద రకరకాల సారాలను చుక్కలుగా పెట్టి, ప్రతి చుక్కలోంచీ చర్మాన్ని సూదిమొనతో పైపైన గుచ్చుతారు. నెత్తురు రాదు. 15, 20 నిమిషాలు ఆగి చూస్తే పడని వస్తువు ఉన్నచోట దోమ కుట్టినట్టు దద్దురు లేస్తుంది. అది 3 మిల్లీమీటర్లో అంతకంటే ఎక్కువో ఉంటే లెక్కలోకి తీసుకుంటారు. పరీక్షకు వారం ముందు నుంచి తుమ్ముల మాత్రలు ఆపాల్సి ఉంటుంది, లేకపోతే దద్దురు లేవదు. ఏ మాత్ర ఎప్పుడు ఆపాలో డాక్టరును ముందే అడగండి. చర్మవ్యాధి ఉన్నవాళ్ళకు, మాత్రలు ఆపలేనివాళ్ళకు రక్తపరీక్ష కూడా ఉంది. అయితే పరీక్ష ఒక్కటే చాలదు. దద్దురు లేచినా కొందరికి జీవితంలో ఏ బాధా రాదు. కాగితం మీది ఫలితాన్నీ, మీ ఇంటి కథనూ పక్కపక్కన పెట్టి చూసే డాక్టరు కావాలి.

ఆ కథలో ఒక ముఖ్యమైన ఘట్టం సంక్రాంతి సెలవుల్లో జరుగుతుంది. ఏడెనిమిదేళ్ళు పిల్లితో ఏ బాధా లేకుండా పెరిగిన అమ్మాయి హాస్టలుకు వెళుతుంది. పండక్కి ఇంటికి రాగానే తుమ్ములే తుమ్ములు. పట్నం గాలి చెడగొట్టిందని అందరూ అనుకుంటారు. రోజూ ఒకే మోతాదులో తగులుతున్నంత కాలం కొందరి శరీరం ఆ ప్రొటీన్‌ను ఓర్చుకుంటుంది. కొన్ని నెలలు దూరమయ్యేసరికి ఆ ఓర్పు సడలుతుంది. ఇలా జరిగిందంటే పిల్లిని అనుమానించడం సబబే.

సరే, పరీక్షలో పిల్లి అని తేలింది. ఇప్పుడు ఇల్లు. నన్ను ఒక్కటే పని చెప్పమంటే పడకగది తలుపు మూయమంటాను. ఎనిమిది గంటలు మనం కదలకుండా ఒకే చోట ముఖం పెట్టి ఊపిరి పీల్చేది దిండు మీద. ఆ గదిలోకి పిల్లి రాకూడదు. పగలు కూడా రాకూడదు. మనం లేనప్పుడు వచ్చి పరుపు మీద పడుకుని వెళ్ళినా రాత్రికి ఫలితం అదే. రంగి మొదట్లో తలుపు గీరింది, అరిచింది. హాలులో కిటికీ పక్కన దానికొక గంప పెట్టి, రాత్రి పడుకునే ముందు కాసేపు ఆడించి, కడుపునిండా పెట్టడం మొదలుపెట్టాక ఆ గంపే దాని మంచమైంది. పిల్లికి ఎత్తైన చోటు, వెచ్చటి చోటు కావాలి. అవి రెండూ దొరికితే మన మంచం మీద పెద్దగా మమకారం పెట్టుకోదు.

పరుపుకూ దిండ్లకూ జిప్పు ఉండే దట్టమైన కవర్లు వేయించండి. దుప్పట్లు వారానికోసారి ఉతకండి. పిల్లి ప్రొటీన్ నీళ్ళతో పోతుంది, ధూళి పురుగులు కూడా చావాలంటే వేడినీళ్ళు కావాలి. పడకగదిలో మందపాటి తెరలు, తివాచీలు ఉంటే తీసేయండి. హాలులో గుడ్డ సోఫా బదులు పేము కుర్చీలో, చెక్క కుర్చీలో ఉంటే తుడవడం తేలిక. పొడి చీపురు మాత్రం వద్దు. చీపురు వేయడమంటే నేలమీది పొడిని లేపి గాలిలోకి పంపడమే. ముందు తడిగుడ్డ పెట్టండి. ఫ్యాను రెక్కల పైభాగం, ఏసీ జాలీ మరిచిపోకండి. ఇవన్నీ అలర్జీ లేని మనిషి చేస్తే మేలు. ఇంట్లో ఆ మనిషి ఎప్పుడూ అమ్మే అయి ఉండాలని ఎక్కడా లేదు. తుమ్ములు అమ్మకే వస్తుంటే ఆ గుడ్డ నాన్న పట్టుకోవాలి. పిల్లి మట్టి తొట్టి ఎత్తడం, బొచ్చు దువ్వడం కూడా అంతే. దువ్వే పని బాల్కనీలోనో, మేడమీదో.

గాలిని శుభ్రం చేసే యంత్రాలున్నాయి. హెపా ఫిల్టరు 0.3 మైక్రాన్ల రేణువుల్ని కూడా 99.97 శాతం పట్టుకుంటుంది కాబట్టి గాలిలో తేలే పొడికి ఉపయోగమే. పరుపులో దిగబడ్డ దాన్ని మాత్రం అది లాగలేదు. అందుకే డబ్బు తక్కువగా ఉన్నవాళ్ళు ముందు పరుపు కవర్లు కొనండి, యంత్రం తరువాత సంగతి. ఏ యంత్రమైనా పిల్లి రాని పడకగదిలో పెడితేనే ఎక్కువ ఫలం.

పిల్లికి స్నానం చేయిస్తే ప్రొటీన్ తగ్గుతుంది, వారం తిరక్కుండానే మళ్ళీ మొదటికొస్తుంది. నీళ్ళంటే హడలిపోయే జీవాన్ని వారం వారం ఏడిపించడం నాకు సమ్మతం కాదు. తడిగుడ్డతో ఒళ్ళు తుడిస్తే చాలు. మగపిల్లి అయితే ఒక మంచి మార్గం ఉంది. వృషణాలు తీయించిన మగపిల్లిలో ఈ ప్రొటీన్ తయారీ తగ్గుతుంది. పైగా కొట్లాటలు తగ్గుతాయి, ఊళ్ళో దిక్కులేని కూనలూ తగ్గుతాయి. పశువుల ఆసుపత్రిలో అడగండి, రేబిస్ టీకా కూడా అప్పుడే వేయించండి. బొచ్చు తక్కువున్న జాతి, అలర్జీ రాని జాతి అంటూ వేలకు వేలు పోసి కొనకండి. బొచ్చే లేని స్ఫింక్స్ పిల్లికి కూడా ఉమ్మి ఉంటుంది, చర్మం ఉంటుంది. పిల్లికీ పిల్లికీ తేడా ఉన్నమాట నిజమే, ప్రొటీన్ అసలే లేని జాతి లేదు. పిల్లి తినే మేతలో గుడ్డు నుంచి తీసిన ప్రతిరక్షకాలు కలిపి, దాని నోట్లోనే ఆ ప్రొటీన్‌ను అణిచే ఆహారం 2020లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. మూడు వారాలు తినిపిస్తే బొచ్చు మీద సగటున 47 శాతం తగ్గిందని తయారుచేసిన సంస్థ అధ్యయనం చెబుతోంది. ఆలోచన బాగుంది. అయితే మిగతా సగం ఇంట్లోనే ఉంటుంది కాబట్టి దాన్ని నమ్ముకుని తలుపు తెరవకండి.

మందుల దగ్గరకు వద్దాం. తుమ్ములకూ దురదకూ సెట్రిజిన్, ఫెక్సోఫెనడిన్ వంటి మాత్రలు పనిచేస్తాయి. వీటిలో సెట్రిజిన్ కొందరికి నిద్ర తెప్పిస్తుంది, బండి నడిపేవాళ్ళు చూసుకోవాలి. ముక్కు దిబ్బడకు మాత్రల కంటే ముక్కులో కొట్టే స్టిరాయిడ్ స్ప్రే మేలు. ఇది ఒక్కరోజులో పనిచేయదు. రోజూ వాడుతూ పోతే వారం, రెండు వారాలకు పూర్తి గుణం కనిపిస్తుంది. కొట్టే పద్ధతి కూడా ఉంది. తల కాస్త ముందుకు వంచి, కుడిచేత్తో ఎడమ ముక్కులోకి, ఎడమచేత్తో కుడి ముక్కులోకి, కొన బయటివైపు చెవి దిక్కుగా ఉండేలా కొట్టాలి. నడిమి గోడ మీద కొడితే నెత్తురు రావచ్చు. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే, క్షణాల్లో ముక్కు తెరిచే చుక్కలు వేరు. వాటిని వరుసగా మూడు నుంచి ఐదు రోజులకు మించి వాడితే ఆపగానే ముక్కు ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది. ఉప్పునీటితో ముక్కు కడిగే జలనేతి మంచిదే. కాచి చల్లార్చిన నీళ్ళతోనే చేయండి, కుళాయి నీళ్ళు వద్దు.

ఇక ఊపిరితిత్తులు. ఛాతీలో పిల్లికూతలు, రాత్రి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం ఉంటే విషయం ముక్కు దాటిందని అర్థం. ఇక్కడ మనవాళ్ళ భయం చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని, ఆడపిల్ల చేతిలో చూస్తే సంబంధాలు రావని, అది ఆఖరి మందు అని అనుకుంటారు. పిల్ల ఎగశ్వాస పెడుతుంటే ఇన్‌హేలర్ బీరువాలో దాచిన తల్లిని నేనెరుగుదును. ఆమెకు పిల్ల మీద ప్రేమ లేక కాదు, ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. పీల్చే మందు మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, మింగే స్టిరాయిడ్ మాత్ర మోతాదు మిల్లీగ్రాముల్లో. ఒక మిల్లీగ్రాము అంటే 1000 మైక్రోగ్రాములు. పీల్చినది నేరుగా వాపు ఉన్నచోటికి పోతుంది కాబట్టి అంత కొంచెం చాలు. అలవాటు పడే మందు కాదు అది. స్పేసర్ గొట్టంతో పీల్చి, తరువాత నోరు పుక్కిలించాలి. మృగశిర కార్తె నాడు హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదం కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఎవరి నమ్మకం వారిది. వెళ్ళేవాళ్ళకు నాదొక్కటే విన్నపం. దాని కోసం ఇన్‌హేలర్ ఆపకండి, జేబులో పెట్టుకునే వెళ్ళండి.

ఆ పడని ప్రొటీన్‌నే కొంచెం కొంచెంగా ఇంజెక్షన్ రూపంలో ఇస్తూ శరీరానికి అలవాటు చేసే చికిత్స కూడా ఉంది. లియోనార్డ్ నూన్ 1911లో లండన్‌లో గడ్డి పుప్పొడితో దీనికి నాంది పలికాడు. మూడేళ్ళ నుంచి ఐదేళ్ళు పడుతుంది. ఇంజెక్షన్ తీసుకున్నాక అరగంట అక్కడే కూర్చోవాలి, అరుదుగానైనా ప్రమాదకరమైన ప్రతిచర్య రావచ్చు కనుక. ఉబ్బసం అదుపులో లేనివాళ్ళకు ఇవ్వరు.

పిల్లితో ఎవరు ఉండకూడదో చెబుతానన్నాను. మందులు సరిగ్గా వాడుతున్నా, గది వేరు చేసినా, వారంలో పలుమార్లు రాత్రిళ్ళు ఆయాసంతో లేస్తున్నవాళ్ళు, ఉబ్బసంతో ఆసుపత్రిలో చేరాల్సి వచ్చినవాళ్ళు, తన బాధ చెప్పుకోలేని పసిబిడ్డకు పిల్లికూతలు వస్తున్న ఇంటివాళ్ళు. వీళ్ళు పిల్లికి వేరే ఇల్లు చూడాలి. నేను పిల్లి పక్షం మనిషిని, అయినా ఇది చెబుతున్నాను. మాట పూర్తిగా పలకలేనంత ఆయాసం వస్తే, పెదాలు నీలంగా మారితే, ఇన్‌హేలర్ పీల్చినా తగ్గకపోతే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

వేరే ఇల్లు అంటే రోడ్డు కాదు. తెలిసినవాళ్ళలో అలర్జీ లేని కుటుంబాన్ని వెతకండి, కొన్నాళ్ళు పట్టినా ఫరవాలేదు. ఈలోగా పిల్లి బాల్కనీలోనో, ఒక గదిలోనో ఉండవచ్చు. దాని టీకాల కాగితం, అది తినే మేత, పడుకునే గంప అన్నీ వెంట ఇవ్వండి. ఆపరేషన్ కాకపోతే చేయించి ఇవ్వండి. పంపిన మర్నాడే తుమ్ములు ఆగిపోతాయని ఎదురుచూడకండి. పిల్లి వెళ్ళిపోయినా దాని ప్రొటీన్ ఇంట్లో నాలుగు నుంచి ఆరు నెలల దాకా ఉంటుంది. గోడలు తుడిచి, తెరలు ఉతికి, పాత పరుపు మారిస్తే త్వరగా తగ్గుతుంది. అన్నాళ్ళూ మందులు మీ అంతట మీరు ఆపకండి, డాక్టరు చూసి తగ్గిస్తారు.